బండిలో ఫ్రిజ్: మందు చల్లగా ఉండాలి, బండి కదలాలి



ఈ మధ్య షుగరు క్లినిక్కుకు వచ్చేవారిలో కొందరు మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరమ్మా, బండిలో పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లు వచ్చాయి కదండీ. మా పికప్పులో ఒకటి పెట్టుకుంటే అమ్మ ఇన్సులిన్ పాడవకుండా ఉంటుందా?" ఇలా అడిగేవారు ఎక్కువగా సొంత బండి మీద కూరగాయలో, చేపలో, పాలో వేసుకొని తిరిగే కుటుంబాలవారు. పెళ్ళికో పండుగకో అదే బండిలో ఇంటిల్లిపాదీ రెండు మూడు రోజుల ప్రయాణం పెట్టుకుంటారు. అడగవలసిన ప్రశ్నే. "పెట్టుకోవచ్చు" అని ఒక్క మాటలో చెప్పి పంపితే మాకు మనసొప్పదు. ఎందుకంటే బండిలో ఫ్రిజ్ పెట్టి రెండుసార్లు దెబ్బ తిన్నవాళ్ళం మేమే.

మా సంగతి ముందు చెబుతాము. గ్రామ క్లినిక్కులకు మేము వెళ్ళేది ఒక పికప్పు బండిలో. ముందు డ్రైవరు, ఇద్దరు సిస్టర్లు. వెనుక టాపు కింద మందుల పెట్టెలు, బల్లలు, బరువు తూచే కాటా. 2016 వేసవిలో ఒక చిన్న ఫ్రిజ్ కొని అందులో ఇన్సులిన్, టెటనస్ టీకా, కుక్క కాటు టీకా, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ పెట్టుకొని వెళ్ళడం మొదలుపెట్టాము. ఇవన్నీ 2 నుంచి 8 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య ఉండవలసిన మందులు. ఫ్రిజ్ ప్లగ్గును డ్రైవరు ముందున్న లైటర్ సాకెట్‌లో గుచ్చాము. పచ్చ లైటు వెలిగింది. అందరమూ సంతోషించాము.

ఊళ్ళో చెట్టు కింద బండి ఆపి డ్రైవరు తాళం తీశాడు. చాలా బండ్లలో తాళం తీయగానే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది. మా బండీ అంతే. నాలుగు గంటలు క్లినిక్కు నడిచింది. బయట ఎండ 43 డిగ్రీలు. రద్దీలో ఫ్రిజ్ వైపు ఎవరమూ చూడలేదు. తిరిగి బండి ఎక్కి తాళం తిప్పగానే పచ్చ లైటు మళ్ళీ వెలిగింది. ఏమీ జరగనట్టే ఉంది. లోపల పెట్టిన థర్మామీటరు మాత్రం 19 డిగ్రీలు చూపించింది. ఆ పెట్టెలోని టీకాలన్నీ ఆ రోజే పక్కన పెట్టేశాము. థర్మామీటరు లేకపోయి ఉంటే వాటినే మరుసటి ఊళ్ళో పిల్లలకు వేసి ఉండేవాళ్ళము. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మాకు గుండె జల్లుమంటుంది.

ఈ కష్టం మళ్ళీ రాకూడదని ఒక మెకానిక్కు చేత ఫ్రిజ్ వైర్లను నేరుగా బ్యాటరీకి కలిపించాము. ఇక తాళం ఉన్నా లేకున్నా ఫ్రిజ్ తిరుగుతుంది. మూడు వారాలు బాగానే గడిచింది. నాలుగో వారం వాగు అవతలి ఊళ్ళో ఉదయం తొమ్మిదికి ఆగిన బండి సాయంత్రం దాకా కదలలేదు. ఫ్రిజ్ మాత్రం పగలంతా తిరుగుతూనే ఉంది. అయిదు గంటలకు సామాను సర్దుతుండగా ఒక అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని పరుగున వచ్చారు. తొలి కాన్పు, బిడ్డ అడ్డంగా ఉన్నాడు. అంబులెన్సు తారురోడ్డు మీదికి వస్తుంది. అక్కడి దాకా మన బండిలోనే దింపాలి. పరుపు వేసి ఆమెను పడుకోబెట్టాము. డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు. టిక్కు టిక్కుమంది తప్ప ఇంజను తిరగలేదు. బ్యాటరీ డౌన్.

కుర్రవాళ్ళు పది మంది తోశారు. పలకలేదు. ఇప్పటి డీజిల్ ఇంజన్లకు కంప్యూటరు ఉంటుంది. దానికి కొంత కరెంటు అందితేనే డీజిల్ పంపు పని చేస్తుంది. పాత జీపులను తోసి స్టార్టు చేసినట్టు వీటిని చేయలేము. చివరకు పొలం నుంచి ఒక ట్రాక్టరును పిలిపించి, దాని బ్యాటరీ నుంచి కేబుళ్ళు తగిలించి బండి లేపేసరికి నలభై నిమిషాలు పట్టింది. తల్లి బ్రతికింది, బిడ్డా దక్కాడు. ఆ నలభై నిమిషాలూ ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్న సిస్టరు తర్వాత మాతో ఒక మాట అంది. "ఆక్సిటోసిన్ 5 డిగ్రీల దగ్గర చక్కగా చల్లగా ఉందమ్మా. బండే కదల్లేదు."

ఆ మాట మీదే ఈ వ్యాసమంతా నిలబడి ఉంది. బ్యాటరీకి మొదటి పని బండిని లేపడం. ఆ పనికి కావలసినది పక్కన ఉంచి, మిగిలినదే ఫ్రిజ్‌కు ఇవ్వాలి. ఇది ఎలాగో వివరంగా తెలుసుకుందాము. మేము నర్సులమే గాని ఎలక్ట్రీషియన్లము కాము. అయినా ఆ రోజు తర్వాత మా డ్రైవరు దగ్గర, టౌనులోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చొని నేర్చుకున్నాము.

బండిలో కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

పికప్పు బండ్లది 12 వోల్టుల బ్యాటరీ. పెద్ద లారీలకు 24 వోల్టులు ఉంటుంది కాబట్టి లారీలో పెట్టేవారు ఫ్రిజ్ మీద ఏమి రాసి ఉందో చూసుకోవాలి. ఇంజను తిరుగుతున్నంతసేపు ఆల్టర్నేటరు, మనవాళ్ళు డైనమో అనేది, కరెంటు తయారు చేస్తుంది. అప్పుడు బ్యాటరీ దగ్గర కొలిస్తే సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉంటుంది. పికప్పుల ఆల్టర్నేటర్లు మామూలుగా 50 ఆంపియర్లకు పైనే ఇస్తాయి. ఫ్రిజ్‌కు కావలసింది 5 ఆంపియర్ల లోపే. కాబట్టి బండి నడుస్తున్నప్పుడు ఫ్రిజ్ దానికి బరువే కాదు. ఇంజను ఆపినప్పుడే చిక్కంతా. అప్పుడు బ్యాటరీ నిల్వ నుంచే తీసుకోవాలి.

పూర్తిగా నిండిన మంచి బ్యాటరీ కొంతసేపు ఊరకే ఉన్న తర్వాత 12.6 లేక 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం అయిపోయింది. 12.0 అంటే పావు వంతే మిగిలింది. 11.8 దగ్గరకు వచ్చిందంటే ఖాళీ అయినట్టే. చూడండి, నిండుకూ ఖాళీకీ మధ్య ఒక్క వోల్టు కూడా తేడా లేదు. అందుకే మల్టీమీటరు లేకుండా ఊహ మీద నడిపేవారు మోసపోతారు. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి కదా అనుకుంటారు. ఆ లైట్లకు కావలసింది కొద్ది ఆంపియర్లే. సెల్ఫ్ మోటారుకు ఆ కొద్ది సెకన్లలో రెండు వందల ఆంపియర్లకు పైగా కావాలి.

ఎండాకాలపు లెక్క ఒకటి చెబుతాము. మా ఫ్రిజ్‌లో కంప్రెసరు తిరిగినప్పుడు 4.5 ఆంపియర్లు లాగుతుంది. నీడలో, మూత ఎక్కువగా తీయకుండా ఉంటే గంటలో సగం సేపు తిరుగుతుంది. అంటే గంటకు సుమారు 2.25 ఆంపియర్ అవర్. పది గంటలకు 22 పైన. మా బ్యాటరీ 75 ఆంపియర్ అవర్‌ది. కాగితం మీద ఇంకా రెండు వంతులు మిగలాలి. కాని ఆ రోజు ఏమయింది? బ్యాటరీకి మూడేళ్ళు. అందులో రాసి ఉన్నంత నిల్వ ఎప్పుడో తగ్గిపోయింది. పైగా ఆ ఉదయం సిస్టర్లు తాగునీటి సీసాలను వెచ్చగానే ఫ్రిజ్‌లో పెట్టారు. 43 డిగ్రీల ఎండలో కంప్రెసరు ఆగకుండా తిరిగింది. ఎనిమిది గంటలకు 36 ఆంపియర్ అవర్. బండి బ్యాటరీ మాత్రం నిల్వలో సగం వాడుకునేందుకు తయారైనది కాదు. ఒక్కసారి గట్టిగా ఇచ్చి వెంటనే నింపుకోవడానికి తయారైనది. పదే పదే సగానికి పైగా ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతుంది కూడా.

ఎటువంటి డబ్బా కొనాలి?

బజారులో రెండు రకాలు కనిపిస్తాయి. చూపులకు రెండూ ఒకటే. ఒకటి కంప్రెసరు ఉన్నది. ఇంటి ఫ్రిజ్ లాంటిదే, 12 వోల్టుల మీద నడుస్తుంది, ఖరీదు ఎక్కువ. రెండోది లోపల ఫ్యాను మాత్రమే తిరిగే తేలిక డబ్బా. దీనిని థర్మోఎలక్ట్రిక్ కూలర్ అంటారు. ధర తక్కువ కాబట్టి ఎక్కువమంది దీనినే కొని తెచ్చి మాకు చూపిస్తారు. ఇది బయటి వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. బయట 42 ఉంటే లోపల 22 కంటే దిగదు. కూల్‌డ్రింకుకు చాలు. ఇన్సులిన్ నిల్వకు, టీకాలకు చాలదు. పైగా ఆపకుండా 4, 5 ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. కాబట్టి బ్యాటరీని కంప్రెసరు డబ్బా కంటే త్వరగా తినేస్తుంది. చలికాలంలో దీని కష్టం ఇంకో రకం. చింతపల్లి, లంబసింగి వైపు డిసెంబరు రాత్రులు ఎంత చలో ఆ వైపు వెళ్ళినవారికి తెలుసు. వేడిని బట్టి తనంతట తాను ఆగే ఏర్పాటు లేని డబ్బా అక్కడ రాత్రంతా తిరిగితే లోపలి మందు గడ్డ కట్టగలదు. మందుల కోసమైతే ఈ రకం కొనవద్దని మేము గట్టిగానే చెబుతాము.

"ఇన్వర్టరు పెట్టి ఇంటి ఫ్రిజ్‌నే నడిపితే?" అని ఒక సోదరుడు అడిగారు. 12 వోల్టులను 230గా మార్చేటప్పుడే కొంత కరెంటు వృథా పోతుంది. ఇంటి ఫ్రిజ్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. గతుకుల రోడ్డు మీద దాని కంప్రెసరు నిలవదు. వద్దు.

వైరు, ఫ్యూజు

ఇది చదివి విసుగు చెందకండి. ఎక్కువ ఫ్రిజ్‌లు చెడేది ఇక్కడే.

పికప్పులో బ్యాటరీ ముందుంటుంది, ఫ్రిజ్ వెనుక తొట్టిలో ఉంటుంది. వైరు దారి సుమారు 5 మీటర్లు. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి 10 మీటర్లని లెక్క వేయాలి. సన్న వైరు వేస్తే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. 1 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరులో 5 ఆంపియర్లు పోతే ఈ దూరానికి 0.9 వోల్టు దాకా పడిపోతుంది. బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే ఫ్రిజ్ దగ్గరికి 11.5 మాత్రమే చేరుతుంది. బ్యాటరీ ఖాళీ అయిందనుకొని ఫ్రిజ్ ఆగిపోతుంది. అప్పుడు వైరు వేసినవాడు "ఫ్రిజ్ మంచిది కాదు" అంటాడు. అదే 6 స్క్వేర్ ఎం.ఎం. వైరు వేస్తే పడేది 0.15 వోల్టు లోపే. 4 స్క్వేర్ వేసినా 0.2 చుట్టూ ఉంటుంది, ఫరవాలేదు. మేము 6 వేయించాము. ఖర్చు కొద్దిగా ఎక్కువైనా ఒక్కసారితో పోయింది. మైనస్ వైరును బండి బాడీకి ఎక్కడో బోల్టు కింద తగిలించి వదిలేయడం కొందరి అలవాటు. తుప్పు పట్టిన చోట అది సరిగా పట్టదు. రెండు వైర్లూ బ్యాటరీ దాకా వేయించుకోండి.

ప్లస్ వైరుకు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. 15 ఆంపియర్లది సరిపోతుంది. ఫ్యూజును ఫ్రిజ్ దగ్గర పెట్టి, మధ్యలో 5 మీటర్ల వైరును ఏ కాపలా లేకుండా వదిలేస్తే, ఎక్కడైనా ఇనుముకు ఒరుసుకొని తోలు ఊడిన రోజు వైరే మండుతుంది. వైరు మీద ప్లాస్టిక్ గొట్టం తొడిగించి, సైలెన్సరుకు దూరంగా కట్టించాలి. ఫ్యూజు ఎగిరిపోయిందని దాని బదులు రాగి తీగ చుట్టడం మన ఊళ్ళలో చూస్తుంటాము. మందులు, మనుషులు ఉన్న బండిలో ఆ పని చేయకండి.

లైటర్ సాకెట్ ప్లగ్గు గతుకుల్లో వదులవుతుంది. ప్లగ్గు చివర నల్లగా కాలి ఉంటే అది సరిగా కూర్చోవడం లేదన్నమాట. వెనుక తొట్టిలో గట్టిగా బిగుసుకునే వేరే సాకెట్ పెట్టించుకోవడం మేలు.

ఫ్రిజ్ తనంతట తాను ఆగాలి

మంచి కంప్రెసరు ఫ్రిజ్‌లలో బ్యాటరీని కాపాడే ఏర్పాటు ఒకటి ఉంటుంది. వోల్టేజి ఒక హద్దు కంటే తగ్గితే ఫ్రిజ్ ఆగిపోతుంది. చాలావాటిలో దీనికి తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు మెట్లు ఉంటాయి. మా ఫ్రిజ్‌లో అది "తక్కువ" మీద ఉంది, అంటే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. కొన్న రోజు ఆ పేజీ ఎవరమూ చదవలేదు. బండి బ్యాటరీకే కలిపినవారు దీనిని తప్పక "ఎక్కువ" మీద పెట్టాలి. అప్పుడు ఫ్రిజ్ ముందుగా ఆగుతుంది, బండికి సెల్ఫ్ మిగులుతుంది. ఒక్కొక్క కంపెనీ హద్దు ఒక్కొక్క రకం. కాబట్టి మీ పుస్తకంలో చూసి, ఒక రోజు ఇంటి దగ్గరే ఇంజను ఆపి ఫ్రిజ్ నడిపి, అది ఆగిన తర్వాత బండి స్టార్టవుతుందో లేదో పరీక్షించండి. అడవి దారిలో మొదటిసారి తెలుసుకోవద్దు.

దీనికంటే మంచి పద్ధతి రెండో బ్యాటరీ. 2017లో మేము ఇదే చేయించాము. సీలు చేసిన డీప్ సైకిల్ బ్యాటరీని వెనుక తొట్టిలో ఇనుప చట్రంలో బిగించి, ఫ్రిజ్‌ను దానికే కలిపాము. రెండు బ్యాటరీల మధ్య వోల్టేజిని చూసి పనిచేసే రిలే ఉంటుంది. ఇంజను తిరిగి 13.3 వోల్టుల చుట్టూ వచ్చినప్పుడు రెండింటినీ కలుపుతుంది. ఇంజను ఆగి 12.8కి దిగగానే విడదీస్తుంది. ఆ తర్వాత ఫ్రిజ్ ఎంత తిన్నా రెండో బ్యాటరీనే తింటుంది, బండి బ్యాటరీ జోలికి పోదు. రెండింటినీ కలిపే వైరుకు రెండు చివరలా ఫ్యూజులు ఉండాలి. ఆ వైరు ఫ్రిజ్ వైరు కంటే లావుగా ఉండాలి. ఇంటి ఇన్వర్టరుకు వాడే నీళ్ళు పోసే పొడవాటి బ్యాటరీని బండిలో పెట్టకండి. గతుకులకు యాసిడ్ చిందుతుంది. ఏ బ్యాటరీ అయినా గాలి ఆడే చోట, మనుషులు కూర్చునే క్యాబిన్ బయట ఉండాలి.

కొత్త బండ్లు ఉన్నవారికి ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నియమాలు వచ్చిన తర్వాత అమ్మిన కొన్ని బండ్లలో ఆల్టర్నేటరును కంప్యూటరు నడిపిస్తుంది. డీజిల్ ఆదా కోసం నడుస్తూనే వోల్టేజి తగ్గించేస్తుంది. అటువంటి బండిలో మామూలు రిలే రెండో బ్యాటరీని సరిగా నింపదు. డీసీ టు డీసీ చార్జరు అనే పెట్టె కావాలి. పైగా బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సారు ఉంటుంది, దానిని దాటించి వైరు తగిలిస్తే కంప్యూటరు లెక్క తప్పుతుంది. ఇది తెలిసినవారి చేతనే చేయించండి. వారంటీ ఉన్న బండికి ముందుగా షోరూములో అడగండి.

ఒక మాట మరచిపోకూడదు. బ్యాటరీ తగ్గిన తర్వాత పావుగంట నడిపితే నిండదు. చివరి భాగం మెల్లగా ఎక్కుతుంది, గంటలు పడుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఫ్రిజ్ పెడితే ఎన్ని బ్యాటరీలు ఉన్నా చాలవు. మా బండి తిరిగి వచ్చిన రాత్రి ఇంటి కరెంటు మీద నడిచే చార్జరు తగిలించి ఉంచుతాము.

ఫ్రిజ్‌ను ఎలా చూసుకోవాలి?

ప్రయాణానికి ముందు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ను చల్లబరచండి. అందులో పెట్టే మందు, నీళ్ళు అన్నీ ముందే చల్లగా ఉండాలి. వెచ్చటి సామాను చల్లబరచే పని బ్యాటరీ మీద వేయకండి. ఖాళీ ఉన్న చోట చల్లటి నీళ్ళ సీసాలు పెడితే మూత తీసినప్పుడు చల్లదనం త్వరగా పోదు. ఫ్రిజ్ పక్కన గాలి వచ్చిపోయే రంధ్రాలకు అడ్డంగా సంచులు పెట్టకూడదు. ఎండలో రేకు టాపు కింద తొట్టి పొయ్యిలా కాగుతుంది. వెనుక తలుపు తీసి, నీడలో ఆపి, ఫ్రిజ్ మీద తడి గుడ్డ కాకుండా పొడి దుప్పటి కప్పండి. గాలి రంధ్రాలు మాత్రం వదిలేయండి.

ఫ్రిజ్ మీద కనిపించే అంకెను పూర్తిగా నమ్మకండి. అది గోడ దగ్గరి ఒక్క చోటి సంగతే చెబుతుంది. మందు మధ్యలో వేరే థర్మామీటరు ఉండాలి. అన్నిటికంటే తక్కువ, అన్నిటికంటే ఎక్కువ ఎంతకు వెళ్ళిందో గుర్తు పెట్టుకునే రకం దొరుకుతుంది, అదే కొనండి. మేము దానిని బయలుదేరేముందు, ఆగిన ప్రతిచోటా, తిరిగి వచ్చాక చూసి పుస్తకంలో రాస్తాము.

ఇప్పుడు రెండో దెబ్బ చెబుతాము. ఇది మా బండిలో జరిగింది కాదు. 2019 సంక్రాంతికి ఒక కుటుంబం తమ పికప్పులో బంధువుల ఊరికి వెళ్ళింది. పద్నాలుగేళ్ళ అబ్బాయికి చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ సూదులే ఆధారం. తండ్రి ఎంతో ప్రేమతో కంప్రెసరు ఫ్రిజ్ కొన్నాడు. వైరు, ఫ్యూజు అన్నీ సరిగానే వేయించాడు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకొని సున్నా కంటే కింద పెట్టాడు. ఇన్సులిన్ గడ్డ కట్టింది. సూది వేయడానికి తీసి బయట పెడితే కరిగి మామూలుగానే కనిపించింది. మూడు రోజులు అదే వేశారు. నాలుగో రోజు అబ్బాయి వాంతులతో, ఆయాసంతో, 500 దాటిన షుగరుతో మా వార్డుకు వచ్చాడు. అయిదు రోజులు ఉండి, దేవుని దయవలన నడిచి ఇంటికి వెళ్ళాడు. ఆ తండ్రి మంచం పక్కన నిలబడి "ఫ్రిజ్‌లోనే పెట్టాను కదమ్మా" అన్న మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ముందుగా చెప్పవలసినవాళ్ళము మేమే.

ఒకసారి గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. కొన్నిసార్లు పలుకులు పలుకులుగా కనిపిస్తుంది, కొన్నిసార్లు కంటికి ఏమీ తెలియదు. టెటనస్ టీకా, హెపటైటిస్ బి టీకా కూడా అంతే. వేడికంటే గడ్డ కట్టడమే వాటికి ఎక్కువ ప్రమాదం. కాబట్టి ఫ్రిజ్‌ను 5 డిగ్రీల మీద పెట్టండి. మందును లోపలి గోడకు ఆనించకుండా చిన్న డబ్బాలో మధ్యలో ఉంచండి. మంచు గడ్డలను నేరుగా తగలనివ్వకండి.

అసలు ఫ్రిజ్ కావాలా?

చాలామందికి అక్కరలేదు. వాడుతున్న ఇన్సులిన్ సీసా లేక పెన్నును 30 డిగ్రీల లోపు ఉంచితే సాధారణంగా నాలుగు వారాలు బయటే ఉండవచ్చు. కొన్ని రకాలకు హద్దులు వేరు కాబట్టి పెట్టెలోని కాగితం చూడండి, లేదా మమ్మల్ని అడగండి. ఫ్రిజ్ కావలసింది ఇంకా తెరవని నిల్వ సీసాలకే. రెండు రోజుల పెళ్ళికి ఒక్క సీసా తీసుకెళ్ళేవారు దాని కోసం బండికి వైర్లు వేయించనక్కరలేదు. మన ఎండలకు ఇంట్లోనే 30 దాటుతుందంటారా? పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో సీసా ఉంచి, పైన తడి గుడ్డ కప్పండి. గాలి ఆడే నీడ చోట ఇది బాగా పని చేస్తుంది. కెన్యాలోని ఒక శరణార్థుల శిబిరంలో ఇళ్ళలో ఉండే వేడిని కొలిచి, అదే విధంగా 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్‌ను జెనీవా విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. దాని బలం తగ్గలేదని 2021లో ప్రచురించారు. ఇది చూసి ఇన్సులిన్‌ను ఎండలో ఆపిన బండి డాష్‌బోర్డు మీద వదిలేయకండి. అక్కడ 37 కాదు, 60 కూడా దాటుతుంది.

ఒక్క రోజు ప్రయాణానికి మేము కూడా ఫ్రిజ్ తీసుకెళ్ళము. ఎ.ఎన్.ఎం.లు భుజాన వేసుకెళ్ళే నీలి టీకా పెట్టె, నాలుగు ఐస్ ప్యాకులు చాలు. ఫ్రీజరు నుంచి తీసిన ప్యాకును వెంటనే పెట్టెలో పెట్టరు. బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించాకనే పెడతారు. లేకపోతే మందు గడ్డ కడుతుంది. రెండు మూడు రోజులు ఊళ్ళలో మకాం చేసేటప్పుడు, ఎక్కువ మందు ఉన్నప్పుడు మాత్రమే మా బండి ఫ్రిజ్ బయటికి వస్తుంది.

దారిలో ఫ్రిజ్ ఆగిపోతే మూత తీయకండి. చుట్టూ దుప్పటి చుట్టి నీడలో పెట్టండి. మూసి ఉన్న మంచి ఫ్రిజ్ కొంతసేపు చల్లదనం పట్టి ఉంచుతుంది. ఎప్పుడు ఆగిందో, థర్మామీటరు ఎంత చూపించిందో ఒక చీటీ మీద రాయండి. మందును మీరే నిర్ణయించుకొని వాడకండి, పారవేయకండి కూడా. ఆ చీటీతో పాటు మా ఫార్మసీ కిటికీ దగ్గరికి తీసుకొని రండి. బండికి కొత్తగా వైర్లు వేయించినవారు మీ బండినే ఆసుపత్రి గేటు దగ్గరికి తెస్తే, మా డ్రైవరు మల్టీమీటరు పెట్టి బ్యాటరీ దగ్గర ఎంత, ఫ్రిజ్ సాకెట్ దగ్గర ఎంత ఉందో రెండు నిమిషాల్లో చూసి చెబుతాడు. వచ్చేటప్పుడు ఫ్రిజ్‌తో పాటు ఇచ్చిన పుస్తకం మరువకండి. ఆ "తక్కువ, ఎక్కువ" పేజీ అందులోనే ఉంటుంది.